కొండ కడుపులో ఏముంది?

మన ఇళ్లలో అన్నం వండే గిన్నెను కొందరు సత్తు గిన్నె అంటారు. కొందరు సిలవరు గిన్నె అంటారు. సిలవరు అంటే వెండి. కాని ఆ గిన్నెలో వెండి లేదు. ఆ లోహం అసలు పేరు అల్యూమినియం.

ఈ అల్యూమినియం ఎక్కడి నుంచి వస్తుంది? కొండ మీద దొరికే ఒక రాయి నుంచి వస్తుంది. ఆ రాయి పేరు బాక్సైటు. చూడటానికి ఎర్రమట్టి గడ్డలాగే ఉంటుంది.

మరి ఫలానా కొండలో బాక్సైటు ఉందని ఎవరు చెప్పారు? ఎంత ఉందని ఎలా తెలిసింది? ఆ కొండ మీద అడవి ఉంటే, అడవిలో మనుషులు ఉంటే, ఏం చెయ్యాలో ఎవరు తేలుస్తారు? ఇవన్నీ మనం తెలుసుకోవాల్సిన సంగతులు. తెలియకపోతే, ఎవరో లెక్క కట్టి కాగితం తెస్తారు. మనం వేలిముద్ర వేసి పంపిస్తాం.

ఖనిజం అంటే ఏమిటి?

నేలలో దానంతట అది తయారై, మనిషికి పనికొచ్చే రాయి, మట్టి, ఇసుక, బొగ్గు లాంటి వాటిని ఖనిజాలు అంటారు. ఇనుము రాయి ఖనిజం. సున్నపురాయి ఖనిజం. మనం కూరలో వేసుకునే ఉప్పు కూడా ఖనిజమే. ఖనిజాన్ని తవ్వి తీసే చోటును గని అంటారు.

చెట్టు కొడితే మళ్లీ మొలుస్తుంది. వరి కోస్తే మళ్లీ పండుతుంది. ఖనిజం అలా కాదు. చాలా ఖనిజాలు తయారు కావడానికి లక్షల ఏళ్లు పడుతుంది. ఒకసారి తీస్తే అయిపోయినట్టే. అందుకే తీసే ముందు బాగా ఆలోచించాలి.

మన గోదావరి సీమలో ఏమున్నాయి?

కోనసీమలోను, నరసాపురం వైపు నేల లోతుల్లోను గ్యాసు, చమురు ఉన్నాయి. ఓఎన్‌జీసీ వాళ్లు పొలాల్లో వైర్లు పరచడం, గొట్టాలు దించడం అక్కడి ఆడవాళ్లు చూసే ఉంటారు. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఒక గ్యాసు బావి అంటుకుంది. 65 రోజులు మండింది. నేల కింద ఉన్నదానితో లాభమూ ఉంది, ముప్పూ ఉంది అని ఆ మంట అందరికీ చూపించింది.

సముద్రం ఒడ్డున కొన్ని చోట్ల నల్ల ఇసుక కనిపిస్తుంది. అందులో ఇల్మనైటు లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. పశ్చిమాన చింతలపూడి వైపు నేల లోతుల్లో బొగ్గు ఉందని సర్వేలు చెప్పాయి.

ఇక డెల్టా దాటి పైకి వెళ్తే కొండలు, అడవులు. రంపచోడవరం, మారేడుమిల్లి, అడ్డతీగల ప్రాంతాలు 2022 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. వీటినే మనం ఏజెన్సీ అంటాం, మన్యం అంటాం. ఈ కొండల్లో గ్రాఫైటు ఉంది. పెన్సిలు మధ్యలో నల్లగా ఉండేది అదే. సెల్‌ఫోను బ్యాటరీల్లో కూడా గ్రాఫైటు వాడతారు. 2023 లో కేంద్ర ప్రభుత్వం 30 ఖనిజాలను దేశానికి చాలా ముఖ్యమైనవిగా ప్రకటించింది. గ్రాఫైటు వాటిలో ఒకటి.

ఈ కొండల వరస ఈశాన్యంగా చింతపల్లి, గూడెం, అరకు మీదుగా ఒడిశా దాకా పోతుంది. చింతపల్లి, అరకు వైపు కొండల నెత్తిన బాక్సైటు ఉంది. 1970 తర్వాత జరిగిన సర్వేల్లో అది ఎంతో తేలింది. మన రాష్ట్రంలో అరవై కోట్ల టన్నులకు పైగా ఉందని లెక్క కట్టారు. దేశంలో ఒడిశా తర్వాత మనదే పెద్ద నిల్వ.

ఆ అడవి ఎవరిది?

కాగితాల మీద ఆ అడవి చాలా వరకు ప్రభుత్వానిది. 1882 లో అప్పటి మద్రాసు ప్రభుత్వం అడవి చట్టం తెచ్చింది. చాలా అడవిని రిజర్వు అడవి అని హద్దులు వేసింది. అంతకు ముందు నుంచీ అక్కడ కొండరెడ్లు, కోయలు, బగతలు, ఇంకా ఎందరో ఉంటున్నారు. చట్టం వచ్చాక పోడు కొట్టడానికి, కట్టెలు తెచ్చుకోవడానికి కూడా అడ్డు వచ్చింది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటుకు ఇదీ ఒక కారణం.

కాబట్టి ప్రభుత్వ అడవి అంటే ఎవరూ లేని అడవి అనుకోకూడదు. పట్టా లేకపోయినా బతుకు ఉంది. 2006 లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఈ మాటనే ఒప్పుకుంది. తరతరాలుగా అడవిలో సాగు చేస్తూ, అడవి సరుకు ఏరుకుంటూ బతికేవాళ్లకు హక్కు ఉందని చెప్పింది.

కొండ కడుపు ఎలా చూస్తారు?

నేల కింద ఏముందో వెదకడానికి ప్రభుత్వానికి ఒక శాఖ ఉంది. దాని పేరు భారత భూగర్భ సర్వే సంస్థ. అది 1851 లో మొదలైంది. పెద్ద ఆఫీసు కోల్‌కతాలో ఉంది. దక్షిణాది రాష్ట్రాలకు హైదరాబాదులో ఆఫీసు ఉంది. వెదుకులాట నాలుగు మెట్లుగా సాగుతుంది.

మొదటి మెట్టు: పైపైన చూడటం. ముందు పటాలు చూస్తారు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు తీసిన ఫొటోలు చూస్తారు. తర్వాత కొండలెక్కి నడుస్తారు. చేతిలో సుత్తి ఉంటుంది. రాయి కొట్టి చూస్తారు. వాగులో ఇసుక తీసి సంచుల్లో కడతారు. ఎందుకంటే కొండ మీది రాళ్లు అరిగి వాగులోకే వస్తాయి. వాగు ఇసుకలో ఏముందో చూస్తే పైన ఏముందో జాడ తెలుస్తుంది. ఈ మెట్టులో అడవికి పెద్దగా నష్టం ఉండదు.

రెండో మెట్టు: అనుమానం ఉన్న చోట గుంటలు తవ్వి చూడటం. చిన్న కాలవల్లాగా నేలను చీల్చి కింద పొరలు చూస్తారు. అక్కడక్కడా బోర్లు వేస్తారు. ఆ బోర్లు దూర దూరంగా ఉంటాయి.

మూడో మెట్టు: బోర్లు దగ్గర దగ్గరగా వెయ్యడం. ఈ బోరు మన చేతిపంపు బోరు లాంటిది కాదు. బోలుగా ఉన్న గొట్టాన్ని రాతిలోకి తిప్పుతూ దించుతారు. గొట్టంలోకి గుండ్రని రాతి కడ్డీ వస్తుంది. దాన్ని బయటకు తీసి పెట్టెల్లో వరసగా పేరుస్తారు. ఏ అడుగులో ఏ రాయి వచ్చిందో రాస్తారు. రాయిని పొడి చేసి పరీక్షకు పంపుతారు. నూరు పాళ్లలో పనికొచ్చేది ఎన్ని పాళ్లో పరీక్షలో తేలుతుంది.

నాలుగో మెట్టు: ఇంకా దగ్గరగా బోర్లు వేసి లెక్క గట్టి చెయ్యడం. గని తవ్వాలా వద్దా అనేది ఈ లెక్క మీద ఆధారపడుతుంది. ఈ మెట్టుకు వచ్చేసరికి అడవిలోకి లారీలు పోవాలి. బాట వెయ్యాలి. బాటకు చెట్లు కొట్టాలి.

ధాన్యం కొనే షావుకారు ఏం చేస్తాడు? బస్తాకు ఇనప గొట్టం గుచ్చుతాడు. నాలుగు గింజలు తీసి అరచేతిలో వేసుకుని చూస్తాడు. బోరు వేసి చూడటం కూడా అలాంటిదే. కాని ఒక తేడా ఉంది. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. కొండకు ఒక్క బోరు చాలదు. ఇక్కడ పది మీటర్ల మందం ఉంటే, వంద అడుగులు జరిగేసరికి ఏమీ ఉండకపోవచ్చు.

ఒక లెక్క చేద్దాం

పలక, బలపం తీసుకోండి. కూడికలు, హెచ్చవేతలు వస్తే ఈ లెక్క చెయ్యొచ్చు. ఇది ఊహించి చెప్పే కొండ.

ఒక కొండ నెత్తిన బాక్సైటు పొర ఉంది అనుకుందాం. పొడవు 200 మీటర్లు. వెడల్పు 100 మీటర్లు. మందం ఎంతో తెలియదు. అయిదు బోర్లు వేశారు. మందం ఇలా వచ్చింది: 8 మీటర్లు, 12 మీటర్లు, 10 మీటర్లు, 14 మీటర్లు, 6 మీటర్లు.

అన్నీ కూడితే 50. బోర్లు అయిదు కాబట్టి 50 ని 5 తో భాగిస్తే 10. సగటు మందం 10 మీటర్లు.

200 ను 100 తో హెచ్చవేస్తే 20,000. దాన్ని 10 తో హెచ్చవేస్తే 2,00,000. అంటే రెండు లక్షల ఘనపు మీటర్ల రాయి. ఒక ఘనపు మీటరు రాయి రెండు టన్నులు తూగుతుంది అనుకుందాం. అప్పుడు మొత్తం నాలుగు లక్షల టన్నులు.

ఇప్పుడు ఇంకోలా చూడండి. అయిదు బోర్లు వెయ్యకుండా, 14 మీటర్లు వచ్చిన ఒక్క బోరే వేశారు అనుకోండి. అప్పుడు లెక్క 5,60,000 టన్నులు అవుతుంది. అసలు కన్నా లక్షా అరవై వేల టన్నులు ఎక్కువ. కొండ అదే. బోర్లు తక్కువ వేస్తే లెక్క మారిపోయింది. అందుకే ఎవరైనా ఇన్ని లక్షల టన్నులు ఉంది అని చెబితే, ఎన్ని బోర్లు వేసి చెబుతున్నారు అని అడగాలి.

ఉన్నదంతా తియ్యగలమా?

కొబ్బరి చెట్టు మీద కాయలు ఉన్నాయి. అన్నీ కోతకు రావు. కొన్ని పిందెలు. కొన్ని ఎలుక కొట్టినవి. కోత కూలీ, బండి కిరాయి పోను డబ్బు మిగిలితేనే కోయిస్తాం.

ఖనిజం కూడా అంతే. నేలలో ఉన్నది వేరు. తియ్యగలిగింది వేరు. తీసి లాభం పొందేది వేరు. రాయి నాసిరకం అయితే వదిలెయ్యాలి. ఊరి కింద ఉంటే వదిలెయ్యాలి. బజారులో ధర పడిపోతే, నిన్న లాభం ఇచ్చిన రాయి ఇవాళ నష్టం ఇస్తుంది.

ఇంకో సంగతి. ఒక టన్ను అల్యూమినియం రావాలంటే నాలుగు, అయిదు టన్నుల బాక్సైటు కావాలి. ముందు బాక్సైటును కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా అనే తెల్ల పొడి తీస్తారు. అప్పుడు ఎర్రటి బురద మిగులుతుంది. ఒక టన్ను తెల్ల పొడికి టన్నుకు పైగానే ఎర్ర బురద వస్తుంది. అందులో కాస్టిక్ ఉంటుంది కాబట్టి దాన్ని చెరువుల్లాంటి కట్టల మధ్య జాగ్రత్తగా దాచాలి. గట్టు తెగితే పొలాలు పాడవుతాయి.

తెల్ల పొడి నుంచి లోహం తియ్యడానికి కరెంటు కావాలి. ఒక టన్నుకు దాదాపు 14,000 యూనిట్లు పడుతుంది. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంటికి ఆ కరెంటు పదకొండేళ్లకు పైగా వస్తుంది. గిన్నె తేలిగ్గా ఉంటుంది కాని దాని వెనక ఖర్చు తేలిక కాదు. అందుకే పాత అల్యూమినియం సామాను పారెయ్యకుండా అమ్మితే మంచిది. దాన్ని కరిగించి మళ్లీ వాడతారు. అలా చేస్తే కరెంటు చాలా కొద్దిగా పడుతుంది.

కొండ పైన ఏముంది?

కింద లెక్క అయింది. ఇప్పుడు పై లెక్క చూద్దాం.

అడవిలో చింతపండు ఉంది. కుంకుడుకాయ, శీకాయ, కరక్కాయ ఉన్నాయి. తేనె ఉంది. కొండచీపురు ఉంది. అడ్డాకు ఉంది. ఆ ఆకులతో ఆడవాళ్లు విస్తళ్లు కుడతారు. జీలుగు చెట్టు ఉంది. ఈ సరుకు కొనడానికే 1956 లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. సంతలో దాన్ని జీసీసీ అంటారు.

ఒక్క చింతచెట్టు తీసుకుందాం. ఏటా వంద కిలోల పండు ఇస్తుంది అనుకుందాం. కిలో 30 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 3,000 రూపాయలు. చెట్టు యాభై ఏళ్లు కాస్తే లక్షా యాభై వేలు. గని లెక్కలో ఆ చెట్టును కలపగా కొలుస్తారు. ఒకసారికే ధర కడతారు. యాభై ఏళ్ల కాపు ఆ ధరలో కనిపిస్తోందా అని చూడాలి.

అడవిని గనికి ఇస్తే కంపెనీ ప్రభుత్వానికి డబ్బు కట్టాలి. పోయిన అడవికి బదులు ఇంకో చోట మొక్కలు నాటించాలి. ఇది చట్టంలో ఉంది. కాని వేరే చోట నాటిన మొక్క దగ్గరకు ఈ ఊరి ఆడవాళ్లు రోజూ నడిచి వెళ్లగలరా? ఆ మొక్క చింతమొక్కా, మరేదైనానా? ఇది కూడా లెక్కే.

అన్నిటికన్నా పెద్ద లెక్క నీళ్లది. బాక్సైటు రాయిలో చిల్లులు ఉంటాయి. వాన నీరు అందులో ఇంకుతుంది. కొండ పక్కల నుంచి ఊటలుగా బయటకు వస్తుంది. ఎండాకాలంలో కూడా గిరిజన ఆడవాళ్లు ఆ ఊట దగ్గరే బిందె నింపుకుంటారు. నెత్తి మీది పొర తీసేస్తే ఆ ఊట ఏమవుతుంది? గని తవ్వక ముందే దీనికి జవాబు రావాలి. తవ్వాక వచ్చే జవాబు ఎవరికీ పనికిరాదు.

డెల్టా వాళ్లకు దీంతో పనేమిటి?

మన డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట కింద దాదాపు పది లక్షల ఎకరాలు సాగవుతుంది. సార్వాకు వరద నీరు ఉంటుంది. దాళ్వా వచ్చేసరికి గోదావరి సన్నబడుతుంది. అప్పుడు కాలవలకు నీరు ఎక్కడి నుంచి వస్తుంది? అందులో పెద్ద భాగం సీలేరు నుంచి వస్తుంది. అక్కడ కరెంటు తీసి వదిలిన నీరు శబరిలోకి వస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీరే ధవళేశ్వరం వచ్చి మన మడిలో పారుతుంది. ఏ ఏడాదైనా దాళ్వాకు నీరు చాలకపోతే, సీలేరు నుంచి ఎంత వదులుతున్నారు అని రైతులు పేపర్లో వెతికేది ఇందుకే.

సీలేరులోకి వాగులు వచ్చేది ఆ మన్యం కొండల నుంచే. అడవి ఉంటే వాన నీరు మెల్లగా దిగుతుంది. అడవి పోతే మట్టితో సహా ఒక్కసారే దిగుతుంది. జలాశయాల్లో ఒండ్రు పేరుకుంటుంది. కాబట్టి కొండ మీది అడ్డాకు తీగకు, అత్తిలిలో వరి మడికి చుట్టరికం ఉంది. ఊళ్లు దూరమే. నీళ్లు మాత్రం ఒకటే.

చట్టం ఏం చెబుతుంది?

ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959 లో ఒక చట్టం వచ్చింది. 1970 లో దాన్ని గట్టి చేశారు. అందుకే అందరూ దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అంటారు.

తర్వాత ఒక ప్రశ్న వచ్చింది. గిరిజనుల భూమి సరే. ఏజెన్సీలో ఉన్న ప్రభుత్వ భూమిని, ప్రభుత్వ అడవిని కంపెనీలకు గనుల కోసం ఇవ్వొచ్చా? అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజులు ఇచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11 న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఏజెన్సీలోని ప్రభుత్వ భూమిని, అడవిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదు అని చెప్పింది. ప్రభుత్వ ఖనిజ సంస్థ గాని, గిరిజనుల సహకార సంఘాలు గాని తవ్వుకోవచ్చు అంది. దీన్ని సమత తీర్పు అంటారు. దేశమంతా దీని పేరు తెలుసు.

1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవిని గనికి మార్చాలంటే కేంద్రం ఒప్పుకోవాలి. 2023 లో ఈ చట్టాన్ని మార్చారు. ఖనిజం కోసం చేసే సర్వేను, బోర్లు వేసి వెదకడాన్ని అడవిని మార్చినట్టు లెక్కించనక్కర్లేదు అన్నారు. దానికి కేంద్రం పెట్టే షరతులు ఉంటాయి. అంటే వెదకడం మునుపటి కన్నా సులువయింది. కాని వెదకడం వేరు, తవ్వడం వేరు. తవ్వకానికి అనుమతులు కావాల్సిందే.

1996 లో పెసా చట్టం వచ్చింది. ఏజెన్సీ గ్రామాల్లో ఇసుక, కంకర లాంటి చిన్న ఖనిజాలకు లీజు ఇవ్వాలంటే ముందు గ్రామసభ గాని, పంచాయతీ గాని సిఫారసు చెయ్యాలి.

అటవీ హక్కుల చట్టం కింద జరిగే గ్రామసభకు ఒక నియమం ఉంది. సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆడవాళ్లు లేకుండా చేసిన సభ నియమం తప్పిన సభ. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

రెండు కొండల సంగతి

మొదటిది జర్రెల. చింతపల్లి, జర్రెల రిజర్వు అడవుల్లో బాక్సైటు ఉంది. 2015 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 1,212 హెక్టార్ల అడవిని ఖనిజాభివృద్ధి సంస్థకు ఇస్తూ జీవో తెచ్చింది. 1,212 హెక్టార్లు అంటే దాదాపు మూడు వేల ఎకరాలు. గిరిజనులు ఊరూరా లేచి వద్దన్నారు. పని ఆగింది. 2019 లో ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది.

రెండోది నియంగిరి. ఇది ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉంది. అక్కడ డోంగ్రియా కొంధులు ఉంటారు. కొండ మీద బాక్సైటు ఉంది. కొండ వాళ్లకు దేవుడు. తవ్వాలా వద్దా అని గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 ఏప్రిల్‌లో కోర్టు ఏం చెప్పిందంటే, గ్రామసభలను అడగండి అని చెప్పింది. జూలై, ఆగస్టు నెలల్లో 12 గ్రామాల్లో సభలు పెట్టారు. జిల్లా జడ్జి దగ్గరుండి చూశారు. 12 గ్రామాలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి ఇవ్వలేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఒడిశాలోనే దామంజోడి దగ్గర పంచపట్మాలి కొండ ఉంది. అక్కడ నాల్కో అనే ప్రభుత్వ సంస్థ 1980 ల నుంచి బాక్సైటు తవ్వుతోంది. ఫ్యాక్టరీ వచ్చింది. రైలు వచ్చింది. ఉద్యోగాలు వచ్చాయి. మన ఇళ్లకు కరెంటు తెచ్చే తీగల్లో అల్యూమినియం ఉంది. బస్సులో ఉంది. మందుబిళ్లల అట్టలో ఉంది. కాబట్టి ఖనిజం అసలే వద్దు అనలేం. ఎక్కడ తియ్యాలి, ఎంత తియ్యాలి, ఎవరికి ఏం పోతుంది, ఎవరికి ఏం వస్తుంది అని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలో అక్కడ బతికేవాళ్ల మాట ఉండాలి.

సభకు వెళ్తే ఏం అడగాలి?

పెద్ద గని పెట్టాలంటే మామూలుగా ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. ఈ సభ ఏజెన్సీకే కాదు. వేరే చోట్ల పెద్ద గని పెట్టినా మామూలుగా ఉండాలి. అక్కడ ఈ ప్రశ్నలు అడగొచ్చు.

1. వెదుకులాట ఏ మెట్టు దాకా వచ్చింది? ఎన్ని బోర్లు వేశారు?
2. ఎన్ని ఎకరాలు పోతాయి? అందులో అడవి ఎంత, సాగు ఎంత?
3. గని ఎన్నేళ్లు నడుస్తుంది? ఆ తర్వాత గుంటను ఎవరు పూడుస్తారు?
4. మా ఊట, మా వాగు సంగతి ఎవరు పరిశీలించారు?
5. ఏరుకుని బతికే సరుకుకు లెక్క కట్టారా?
6. ఉద్యోగాలు ఎన్ని? అందులో ఆడవాళ్లకు ఎన్ని?
7. నివేదిక తెలుగులో ఉందా? మాకు ఒక కాపీ ఇస్తారా?

సభ అయ్యాక తీర్మానం పుస్తకంలో రాస్తారు. సంతకం పెట్టే ముందు ఆ రాత మొత్తం చదవండి. ఒకరు గట్టిగా చదివితే మిగతావాళ్లు వినండి. మనం అన్న మాటే రాశారా? వద్దు అన్నచోట సరే అని ఉందా? కింద ఖాళీ వదిలి సంతకాలు అడుగుతున్నారా? ఖాళీ ఉంటే గీత కొట్టించి, అప్పుడు సంతకం పెట్టండి.

కొండ కడుపులో ఏముందో చెప్పడానికి పెద్ద చదువు కావాలి. యంత్రాలు కావాలి. కొండ పైన ఏముందో చెప్పడానికి అక్కడ బతికిన ఆడమనిషి చాలు. ఏ ఊట ఏ నెలలో ఎండుతుందో, ఏ చెట్టు ఎంత కాస్తుందో ఆమెకు తెలుసు. ఆ లెక్క కూడా కాగితం మీదకు ఎక్కాలి. అది రాయడం ఇప్పుడు మన చేతిలో ఉంది.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఇసుక, మట్టి, కంకర ఎక్కడ తవ్వుతున్నారు? ఎవరు అనుమతి ఇచ్చారు?
2. తవ్విన చోట బావుల్లో నీరు పెరిగిందా, తగ్గిందా?
3. మీ కాలవకు దాళ్వాలో నీరు ఎక్కడి నుంచి వస్తోంది?
4. మీ ఇంట్లో అల్యూమినియం వస్తువులు ఎన్ని? పేర్లు రాయండి.
5. కిందటి గ్రామసభకు మీ వీధి నుంచి ఎంతమంది ఆడవాళ్లు వెళ్లారు?

కొత్త మాటలు

ఖనిజం: నేలలో దొరికే పనికొచ్చే రాయి, మట్టి, ఇసుక లాంటిది.
నమూనా: పరీక్ష కోసం తీసిన కొద్ది భాగం.
సగటు: అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో అన్నిటితో భాగిస్తే వచ్చేది.
నిల్వ: నేలలో ఉన్న మొత్తం.
లీజు: కొన్నేళ్లకు ఇచ్చే కౌలు.
తీర్మానం: సభలో అందరూ కలిసి తేల్చి రాసిన మాట.